బావ పూసిన తుప్పు

మా ఇంట్లో పళ్ళు తోముకునే బ్రష్షు మాయమైతే దొంగ కోసం వీధిలోకి పరుగెత్తనక్కర్లేదు. మేడ మెట్లు దిగి కింది వాటాలోకి వెళితే చాలు. అక్కడ మా అక్క మొగుడు, అంటే మా బావ, కిటికీ పక్కన బల్ల వేసుకుని, నా బ్రష్షుతో అరచేతి పొడవు ప్లాస్టిక్ రైలు పెట్టెకి వీపు తోముతూ కనిపిస్తాడు.

"అది నాది బావా! మొన్ననే కొన్నాను!"

"నీదేలే. నీ నోటికి ఇంత మెత్తటిది ఎక్కడ సరిపోతుంది మరదలా, ఇనపతీగల బ్రష్షు కొనుక్కో" అంటాడు తలెత్తకుండా.

బ్రష్షులతో పోయిందా అంటే పోలేదు. నేను పై వాటాలో బట్టలు కుడతాను. గుడ్డ మీద గీతలు గీసే నా సుద్దబిళ్ళలు నీలంవి, పచ్చవి భద్రంగా ఉంటాయి. గోధుమరంగువీ నారింజవీ మాత్రం కాళ్ళొచ్చినట్టు కిందికి దిగిపోతాయి. అడిగితే, "నీ దగ్గరుంటే జాకెట్టు మీద గీతవుతుంది. నా దగ్గరుంటే తుప్పవుతుంది. ఏది గొప్పో నువ్వే చెప్పు" అంటాడు. ఈ మనిషిని పట్టుకుని మా వీధిలో వాళ్ళంతా తుప్పు బావ అంటారంటే అనరా మరి!

విచిత్రమేమిటంటే, ముప్ఫై రెండేళ్ళపాటు మా బావ ఉద్యోగం తుప్పు వదిలించడమే. గూడ్సు వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో పెయింటరు. పాత వ్యాగన్ వస్తే తుప్పూ పాత రంగూ గీకేసి, కొత్త రంగు కొట్టి, పక్కన తెల్లగా నంబరు వేసి పంపేవాడు. రిటైరై ఇంటికొచ్చిన నెలకే కొత్తగా తళతళలాడే బొమ్మ వ్యాగన్లు కొనుక్కొచ్చి, వాటికి రంగు ఊడగొట్టి తుప్పు పూయడం మొదలుపెట్టాడు. మా అక్క ముక్కున వేలేసుకుంది. "ఇన్నేళ్ళు బాగుచేసింది చాల్లే, ఇప్పుడు పాడుచేసి మనశ్శాంతిగా ఉంటాను" అన్నాడట.

పాడుచెయ్యడమంటే తేలికనుకున్నాను నేను. కూర్చుని చూస్తే తెలిసింది. ముందు చక్రాలూ కొక్కేలూ విప్పి పక్కన పెట్టాలి. ఒట్టి పెట్టెని మూతున్న గాజు సీసాలో స్పిరిట్ పోసి ముంచాలి. ఇంజెక్షన్‌కి ముందు దూదితో తుడుస్తారే, అదే స్పిరిట్. మొదట్లో కార్ఖానా అలవాటు కొద్దీ థిన్నర్లో ముంచాడు. గంట తర్వాత మూత తీస్తే వ్యాగన్ లేదు, అడుగున జిగురు ముద్ద ఉంది. ఆ రోజు మా అక్క పడీపడీ నవ్వింది. స్పిరిట్‌లో అయితే ప్లాస్టిక్‌కి ఏమీ కాదు, రంగొక్కటే ముడతలు పడి లేస్తుంది. అప్పుడు నా బ్రష్షు రంగంలోకి దిగుతుంది. మూలల్లో ఇరుక్కున్న రంగంతా పోయాక, కడిగి ఆరబెట్టి, గోధుమరంగు వేసి, సన్నటి కుంచెతో నంబరు రాస్తాడు. ఆ పైన అసలు పని. తడి చేసి ఉప్పు చల్లి, మీద రంగు వేసి, ఆరాక ఉప్పు రాలగొడితే పెచ్చులూడినట్టు కనిపిస్తుంది. నా సుద్ద అరగదీసి పొడిచేసి, మేకుల కింద సన్నగా, తలుపు పట్టీల కింద వెడల్పుగా కిందికి రాస్తాడు. "వాన నీళ్ళు ఎటు జారితే తుప్పూ అటే జారుతుంది మరదలా. పైకి ఎక్కదు. ఎక్కించావో, చూసినవాడు నవ్వుతాడు."

ఈ జారుడు చూడ్డానికే వీధిలో గేట్ల ముందు నిలబడేవాడు. నాలుగిళ్ళ అవతల ఒక పోస్టాఫీసు ఉద్యోగి ఉన్నాడు. ఆయన గేటు ముందు మా బావ తుప్పు చారలు గీసుకునే చిన్న పుస్తకం పట్టుకుని రోజూ అరగంట నిలబడేసరికి ఇంటికి కన్నం వేస్తాడేమోనని వాళ్ళు కుక్కని తెచ్చుకున్నారు. ఒక ఆదివారం ఆయన రంగు డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి రాగానే మా బావ పరుగెత్తుకెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఒక్క వారం ఆగండి బాబూ! ఆ గొళ్ళెం కింద ఇప్పుడిప్పుడే అందంగా దిగుతోంది!" ఆయన ఆ సాయంత్రం మా అక్క దగ్గరికొచ్చి, "మీవారిని ఒకసారి డాక్టరుకి చూపించకూడదా అమ్మా" అని నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు.

ఇక్కడ మా ఆయన సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. ఆయన గూడ్సు యార్డులో గుమాస్తా. బండి వచ్చి ఆగగానే పట్టాల పక్కన నడుస్తూ ఒక్కో వ్యాగన్ నంబరూ పుస్తకంలో రాయడం పని. మా పెళ్ళికి ఏడాది ముందు, ఒక పొద్దున తూర్పుకి వెళ్ళే బండిలో ఒక నంబరు రాశారు. మధ్యాహ్నం మూడో లైన్లో నిలిపి ఉంచిన వ్యాగన్ మీద మళ్ళీ అదే నంబరు కనిపిస్తే అదీ రాశారు. ఒకే వ్యాగన్ ఒకే రోజు రెండు చోట్ల ఎలా ఉంటుంది? పెద్ద గొడవైంది. వెళ్ళి చూసేసరికి మూడో లైన్లోది ఒక్కటే ఉంది, తూర్పు బండి ఎప్పుడో దాటిపోయింది. కార్ఖానాలో వ్యాగన్లు తనిఖీ చేసి పంపే ఇన్‌స్పెక్టరు వచ్చి, అందరి ముందూ మా ఆయన చేత నోరు తెరిపించి వాసన చూశాడు. ఆ రోజు మా ఆయన తాగింది రెండు టీలు. అయినా సరే, డ్యూటీలో ఒళ్ళు తెలియని స్థితిలో ఉన్నాడని ఫైల్లో రాసి పారేశాడు. ఆ మాట ఈ రోజుకీ అక్కడే ఉంది. ప్రమోషన్ రాలేదు. వెనక చేరినవాళ్ళు నెత్తి మీదుగా పైకెళ్ళారు. యార్డులో ఆయన పేరు డబుల్ అయిపోయింది.

"నేను చూసిందే రాశాను" అన్నారట ఆ రోజు. ఎప్పుడు అడిగినా అదే మాట. వచ్చే ఏడాది రిటైర్మెంటు. ఫైల్లో ఆ రాత ఉండగానే ఇంటికి రావాల్సి వస్తోందని ఆయనకు ఎంత బాధో, యార్డు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుంటూ ఒక్కోసారి ఊరికే అలా నిలబడిపోవడం చూస్తే తెలుస్తుంది.

మరి నేను? దాచుకోవడం దేనికి, నేనూ నమ్మలేదు. మూడుసార్లు కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. మూడుసార్లూ కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నారు. నలుగురూ చేరిన చోటల్లా ఆ కథ నేనే చెప్పేదాన్ని. ఆయన నడకా, పుస్తకం పట్టుకునే తీరూ, ఇన్‌స్పెక్టరు వాసన చూడడం, అన్నీ అభినయించి మరీ చెప్పేదాన్ని. "మా ఆయనకి నేను ఇద్దరిలా కనిపిస్తాను, అందుకే ఇంకొకత్తె జోలికి పోలేదు" అని ముగించేసరికి జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. మా ఆయన కూడా కాస్త నవ్వి, గాలి కోసమని బయటికి వెళ్ళేవారు.

ఈ సంవత్సరం బొమ్మ రైళ్ళ సంఘంవాళ్ళు ప్రదర్శన పెట్టారు. మా బావ ముప్ఫై వ్యాగన్ల గూడ్సు బండి సిద్ధం చేశాడు. సిమెంటు మోసేవాటికి చూరు నుంచి తెల్లటి చారలు, బొగ్గువాటికి మసి, ఒకదానికి తలుపు మీద ఎవడో సుద్దతో గీసిన పిచ్చిగీత. చూస్తే చెయ్యి వేసి తుడవాలనిపించేది. అన్నీ అయిపోయాయనుకున్న సమయానికి, పోటీకి జడ్జీగా ఎవరొస్తున్నారో తెలిసింది. ఒకప్పటి ఆ ఇన్‌స్పెక్టరే! ఎప్పుడో రిటైరై, ఇప్పుడు భూతద్దం పట్టుకుని బొమ్మ రైళ్ళకి మార్కులు వేస్తున్నాడట.

ఆ కబురు వచ్చిన రోజు నుంచి మా బావ వాలకం మారిపోయింది. ఇరవై ఎనిమిది వ్యాగన్లు అట్టపెట్టెలోకి ఎక్కేశాయి. రెండు మాత్రం బల్ల మీద నుంచి సీసాలోకీ, సీసాలోంచి బల్ల మీదకీ తిరుగుతున్నాయి.

ఒక మధ్యాహ్నం నా సుద్ద కోసం దిగితే ఆ రెండూ పక్కపక్కనే ఆరుతున్నాయి. ఒకదానికి తలుపు మూల సొట్ట, వేడి చెంచా ఆనించి చేసింది. రెండోదానికి పక్కన చిన్న రేకు అతుకు. వాటికి తుప్పే లేదు, చక్రాల దగ్గర కాస్త దుమ్ము తప్ప.

"వీటికి పూయలేదేం బావా?"

"కార్ఖానా నుంచి బయటికొచ్చి పదిరోజులే అయింది వీటికి. అప్పుడే తుప్పెక్కడిది?"

అప్పుడు చూశాను నంబర్లు. రెండింటికీ ఒకటే! "బావోయ్, పప్పులో కాలేశావు! రెండింటికీ ఒకే నంబరు రాశావు!"

"తెలుసు" అన్నాడు, రెండు చేతులూ వాటికి అడ్డం పెట్టి.

తెలిసే రాశాడంటే నాకింకేం చెప్పాలి? చప్పట్లు కొట్టాను. "అమ్మ బావా! మా ఆయన్ని ఏడిపించడానికా? అందరి ముందూ, ఆ ఇన్‌స్పెక్టరు కూడా ఉండగా?"

మా బావ రెండు వ్యాగన్లనీ తన దగ్గరికి లాక్కున్నాడు. "నోరు మూసుకుని ఉండగలవా నువ్వు?"

"ప్రదర్శన దాకా కుట్టేసుకుంటాను" అన్నాను.

మర్నాడు దిగి చూస్తే ఆ రెండూ మళ్ళీ స్పిరిట్‌లో మునిగి ఉన్నాయి. నంబరు రాయడం, ఆరబెట్టడం, చూసుకోవడం, సీసాలో పడెయ్యడం, తోమెయ్యడం. ఇలా నాలుగుసార్లు చేశాడు. "ఏం బావా, ధైర్యం చాలడం లేదా?" అని ఎగతాళి చేశాను. "ఆఁ, చాలడం లేదు" అన్నాడు. అదీ వేళాకోళమే అనుకుని, పాతది అరిగిపోయిందని నా కొత్త బ్రష్షు నేనే తెచ్చిచ్చాను.

ప్రదర్శన రోజున మా ఆయన రానంటే రానన్నారు. ఆ ఇన్‌స్పెక్టరు మొహం చూడాలని లేదన్నారు. బతిమాలీ దెబ్బలాడీ లాక్కెళ్ళాను. ఆయన మొహం ఎలా మారుతుందో బాగా కనిపించేలా బల్లకి ఎదురుగా చోటు చూసుకుని మరీ నిలబడ్డాను.

హాలంతా బల్లలు, బల్లల నిండా రైళ్ళు. ఒకాయన ఏకంగా మంచు కొండలూ సొరంగమూ కట్టుకొచ్చాడు. జడ్జీ నెమ్మదిగా ఒక్కో బల్లా చూసుకుంటూ మా బావ దగ్గరికొచ్చాడు. నెత్తి ముగ్గుబుట్టయినా గొంతు మాత్రం పాత ఇన్‌స్పెక్టరుదే. భూతద్దం పెట్టి మొదటి వ్యాగన్ నుంచీ చూస్తూ, "ఇదీ తుప్పంటే! ఇలా ఉండాలి!" అన్నాడు. మా అక్క నా చెయ్యి గిల్లింది. ఆ రెండింటిలో రెండోదాని దగ్గరికి రాగానే ఆయన ఆగాడు. ఒకసారి దీన్నీ, ఒకసారి దాన్నీ చూశాడు.

"ఒకే నంబరు రెండు వ్యాగన్లకి ఎలా ఉంటుందయ్యా? కార్ఖానాలో పనిచేసినవాడివి, ఆ మాత్రం తెలీదా? పది మార్కులు పోయాయి" అని కాగితం మీద కొట్టేశాడు.

నాకు నవ్వు ఆగడం లేదు. మా ఆయన ఏం చేస్తారా అని చూస్తున్నాను.

ఆయన ముందుకొచ్చి, యార్డులో అలవాటు ప్రకారం మోకాళ్ళు కాస్త వంచి, మొదటి వ్యాగన్ నుంచీ నంబర్లు పైకి చదువుకుంటూ నడిచారు. ఒక నంబరు చదివారు. ఇంకో మూడు వ్యాగన్లు దాటి, మళ్ళీ అదే నంబరు చదివి, నిటారుగా నిలబడ్డారు. మొహంలో నేను అనుకున్నదేదీ లేదు.

"ఇది మూడో లైన్లోది" అన్నారు. "తలుపు మూల సొట్ట. ఇది పొద్దున తూర్పు బండిలో వెనక నుంచి ఆరోది. పక్కన అతుకు." మా బావ వైపు తిరిగి, "అన్నయ్యా, వీటిని నువ్వెక్కడ చూశావు?" అన్నారు.

మా బావ రెండు చేతులతో బల్ల పట్టుకున్నాడు. "చూడడం కాదు తమ్ముడూ. రంగు వేసిందే నేను."

మా బావ ఇక ఆగకుండా చెప్పుకుపోయాడు. "అంకెల ఆకారంలో కోసిన రేకులు చట్రంలో అమర్చి, మీద బ్రష్షు కొడతాం. ఒక వ్యాగన్ అయ్యాక రేకులు మార్చాలి. ఆ రోజు మొదటి దానికి వెయ్యగానే భోజనం గంట కొట్టారు. మాకు కొత్తగా పెళ్ళయింది, భోజనం డబ్బాలో మీ వదిన ఉత్తరం పెట్టేది. తిని, చదువుకుని, తిరిగొచ్చి, రేకులు మార్చకుండానే రెండోదానికీ కొట్టేశాను. నీ గొడవ విన్న రోజే తెలిసింది నాకు. కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. పర్మనెంటయ్యాక చెబుదామనుకున్నాను. అప్పటికి రెండేళ్ళయిపోయింది. రెండేళ్ళు ఊరుకున్నవాణ్ణి అప్పుడేమని చెప్పను? ఆరేళ్ళకి ఆ అతుకుది మళ్ళీ రిపేరుకొస్తే ఎవరూ చూడకుండా నంబరు సరిచేశాను. నీ ఫైలు మాత్రం సరిచెయ్యలేదు."

"అబద్ధం!" అన్నాడు జడ్జీ. "నేను తనిఖీ చెయ్యకుండా ఒక్క వ్యాగనూ గేటు దాటేది కాదు."

"రెండింటి కాగితాల మీదా మీ సంతకమే ఉంది సార్. కుర్చీలోంచి లేవకుండా పెట్టారు. ఆ తర్వాత ఒక వ్యాగన్ తప్పిపోయిందని ఊరూరా వెతికించారే, అది తప్పు నంబరుతో తిరిగిన ఈ అతుకుదే."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పెద్దాయన భూతద్దంలోంచి ఆ రెండు వ్యాగన్లనీ చాలాసేపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. కాగితం మీద కొట్టేసిన పదినీ మళ్ళీ వేసి, మా ఆయన వంక చూడకుండా పక్క బల్లకి వెళ్ళిపోయాడు. ఆయనకు చేతనైంది అంతే. అన్నట్టు మొదటి బహుమతి మంచు కొండకే పోయింది.

"రేపు ఆఫీసుకొచ్చి ఇదంతా రాసివ్వాలి అన్నయ్యా" అన్నారు మా ఆయన.

"రాసే తెచ్చాను" అని మా బావ జేబులోంచి మడత కాగితం తీసిచ్చాడు. "రేపు వచ్చి వాళ్ళ ముందు సంతకం కూడా చేస్తాను. ఏం చేసుకుంటారో చేసుకోనీ."

అప్పుడు తగిలింది నాకు అసలు సంగతి. ఒళ్ళు మండిపోయింది. ఈ సంబంధం తెచ్చింది మా బావే! పేరు పాడైన గుమాస్తాకి పిల్లనెవరిస్తారని మావాళ్ళు వెనకాడితే, పూచీ నాదని ఇంటి మధ్యలో నిలబడి అరిచిందీ ఈయనే!

"నీ తప్పు దిద్దుకోవడానికి నన్ను కట్టబెట్టావా బావా! నంబరు మార్చడం మర్చిపోయి మరదల్నిచ్చి సరిపెట్టావా!"

"ఆయన చూసింది చూసినట్టే రాస్తాడని ఊరు మొత్తం మీద నాకొక్కడికే తెలుసు" అన్నాడు మా బావ. "అంతకంటే మంచి సంబంధం నీకెక్కడ దొరుకుతుందే?"

మా అక్క చేతిసంచీతో ఆయన భుజమ్మీద రెండు వేసింది. నేను మాత్రం తగ్గలేదు. పిరికిపంద అన్నాను, దొంగ అన్నాను, నా బ్రష్షులన్నీ లెక్కపెట్టి ఇప్పించమన్నాను.

"ఆయన్ని వదిలెయ్" అన్నారు మా ఆయన. గొంతు పెంచలేదు. "అన్నయ్యది భయం. ఆ పెద్దమనిషిది బద్ధకం. నీదేమిటి?"

నా బ్రష్షుల లెక్క అక్కడే ఆగిపోయింది. ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"ముప్ఫై మూడేళ్ళు పక్కనే ఉన్నావు. ఒక్కసారైనా నిజమేనేమో అనిపించలేదా?"

అనిపించింది. మూడోసారి కళ్ళ డాక్టరు బాగున్నాయన్నప్పుడు అనిపించింది. కానీ అప్పటికే ఆ కథ చెప్పడం నాకు బాగా వచ్చేసింది, విన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వుతుంటే నాకు బాగుండేది. ఆ మాటే ఆయనతో చెప్పాను. చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పు నాదండీ" అన్నాను.

"వినపడలేదు."

"తప్పు నాదండీ."

"ఆ కథ చెప్పేటప్పుడు గొంతు ఇలా ఉండదే" అన్నారు.

నిజమే, ఉండదు. పక్కనున్న కుర్చీ లాక్కుని ఎక్కాను. "వినండి! ఈయన మా ఆయన! ఒకే నంబరు రెండు చోట్ల చూశానంటే లోకమంతా తాగాడంది. ఈయన తాగలేదు. వ్యాగన్లు రెండూ ఉన్నాయి, చూసింది చూసినట్టే రాశారు. నమ్మకుండా ఊరంతటినీ నవ్వించినదాన్ని నేను!"

హాలంతా ఇటు తిరిగింది. మంచు కొండాయన తన రైలు ఆపేశాడు. మా ఆయన తల వంచుకుని, "చాలు, చాలు, దిగు" అన్నారు. కళ్ళు తుడుచుకోవడం నాకు కనిపించకూడదని అటు తిరిగారు.

"ఎక్కడ చాలుతుందండీ? ముప్ఫై మూడేళ్ళ లెక్క ఇది. పక్క హాల్లోవాళ్ళు ఇంకా వినలేదు" అని కుర్చీ దిగి, దాన్ని చంకనెత్తుకుని అటు నడిచాను.